ప్రశ్న – జవాబు: తైక్వాండోలో తొలి అడుగులు

ప్రశ్న: తైక్వాండో తరగతిలో కొత్తగా చేరాను. ఆదేశాలన్నీ కొరియన్ భాషలోనే ఇస్తున్నారు. ముందుగా ఏ పదాలు నేర్చుకోవాలి? ఐదు నియమాలంటే ఏమిటి?

జవాబు: ముందు ఆదేశాలను పట్టుకోండి, హన, దుల్, సెత్ (ఒకటి, రెండు, మూడు) అనే అంకెలు రోజూ వినడంతోనే వచ్చేస్తాయి. 'చర్యొత్' అనగానే నిటారుగా నిలబడాలి, 'క్యోంగ్న్యె' అంటే వంగి నమస్కరించాలి, 'జున్బి' అంటే సిద్ధం కావాలి, 'షిజాక్' అంటే ఆరంభించాలి, 'కుమాన్' అంటే ఆపాలి. శిక్షణశాలను 'దోజాంగ్' అనీ, దుస్తులను 'దోబోక్' అనీ అంటారు. తన్నుల పేర్లన్నీ బట్టీ పట్టనక్కరలేదు: 'చాగి' అంటే తన్ను, 'అప్' అంటే ముందు, 'యొప్' అంటే పక్క అని తెలిస్తే 'అప్ చాగి', 'యొప్ చాగి' ఏమిటో మీకే బోధపడుతుంది. 'మక్కి' అంటే దెబ్బను అడ్డుకోవడం.

ఇక మర్యాద, నిజాయతీ, పట్టుదల, ఆత్మనిగ్రహం, అజేయ స్ఫూర్తి అనే ఐదు నియమాలు 1966లో అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్యను స్థాపించిన చోయ్ హాంగ్ హీ బోధనలోనివి. వీటిలో కొత్తవారికి త్వరగా పరీక్ష పెట్టేది ఆత్మనిగ్రహమేనని నా అభిప్రాయం. ఎందుకంటే జంటగా సాధన చేసేటప్పుడు, ఎదుటివారి దెబ్బ కాస్త గట్టిగా తగిలినా, మన తన్నును అనుకున్న చోటే, అనుకున్నంత బలంతోనే ఆపగలగాలి.