పాసడీనాలో నివసించిన ప్రముఖులు ఎవరు?

కాలిఫోర్నియాలో లాస్ ఏంజలిస్‌ను ఆనుకుని ఉన్న ఊరు పాసడీనా. అక్కడి ప్రముఖులు ఎవరని అడిగితే నేను ముందుగా చెప్పేది రాబిన్సన్ అన్నదమ్ముల గురించే.

జాకీ రాబిన్సన్ 1919లో జార్జియాలో పుట్టాడు. మరుసటి ఏడే తల్లి పిల్లలందరినీ వెంటబెట్టుకుని పాసడీనా వచ్చేసింది. పెప్పర్ స్ట్రీట్‌లో పెరిగిన ఆ కుర్రాడే 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లవాళ్లకు దశాబ్దాలుగా ఉన్న అడ్డుగోడను బద్దలుకొట్టాడు. అన్న మ్యాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనకాలే వచ్చి రజతం గెలిచాడు. తేడా కేవలం 0.4 సెకన్లు. అంత పతకం తెచ్చినవాడికి సొంత ఊళ్లో దొరికింది వీధులు ఊడ్చే పని. ఒలింపిక్ జాకెట్ వేసుకునే చీపురు పట్టేవాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 1997లో సిటీ హాల్ ఎదుట ఇద్దరి ముఖాలనూ భారీ కంచు శిల్పాలుగా నిలిపారు. మ్యాక్ చూపు సిటీ హాల్ వైపు, జాకీ చూపు దూరాన ఉన్న బ్రూక్లిన్ వైపు ఉంటాయి.

సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1947లో ఇక్కడే పుట్టింది. తల్లి ఇళ్లలో పాచిపని చేసి పెంచింది. 2021లో అంగారకుడిపై పర్సెవరెన్స్ రోవర్ దిగిన చోటికి నాసా బట్లర్ పేరే పెట్టింది. ఆ రోవర్‌ను తయారుచేసిన నాసా పరిశోధన కేంద్రం జేపీఎల్ (జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ) ఆమె పుట్టిన ఊరి అంచునే ఉంది.

వంటల రచయిత్రి జూలియా చైల్డ్ కూడా ఇక్కడే పుట్టింది. 1930ల మొదట్లో ఐన్‌స్టీన్ వరసగా మూడు చలికాలాలు ఈ ఊళ్లోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడ గడిపాడు.