ఆరేడు వేల లైటు అవసరమా? అక్వేరియం మొక్కల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: నమస్తే అన్నా, మాది కావలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు ట్యాంకు కొని మొక్కలు పెట్టా. ట్యాంకుతో పాటే నీలం తెలుపు కలిసిన లైటు ఒకటి ఇచ్చారు, ఎంత వెలుతురుంటే అంత బాగా పెరుగుతాయి గదా అని పొద్దున ఆరింటికి వేసి రాత్రి పదింటికి ఆపుతుండా. ఇప్పుడేమో ఆకులు కుళ్ళిపోతున్నాయి, అద్దాలకంతా పచ్చగా పాచి. ఇంకో షాపాయన ఆరేడు వేలు పెట్టి వేరే లైటు తీసుకోమంటున్నాడు. తీసుకోమంటారా, ఎన్ని వాట్లది తీసుకోవాలి?

జవాబు: ఆ ఆరేడు వేలు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకో తమ్ముడూ. పదహారు గంటలు లైటు వేస్తే పాచి పట్టక ఏం పడద్ది! మొక్కకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, కొత్త ట్యాంకయితే ఆరుతోనే మొదలుపెట్టాలి, మిగతా గంటలన్నీ నువ్వు పాచికే మేత వేస్తున్నట్టు లెక్క.

లైటంటే పొయ్యి కింద మంట లాంటిది, ఎసట్లో నీళ్ళు లేకుండా మంట పెంచితే గిన్నె మాడద్ది గానీ అన్నం ఉడకదు. ఇక్కడ ఎసరంటే కార్బన్ డయాక్సైడ్, నైట్రేటు, పొటాషియం, ఐరన్ ఇవన్నీ. ఇవి సరిపడా లేనప్పుడు లైటు పెంచినా మొక్క దాన్ని వాడుకోలేదు, మిగిలింది పాచి వాడుకుంటది. మన వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళని అడుగు, వాళ్ళయితే నీళ్ళకి ఆ పచ్చ రంగు రావాలనే చూస్తారు, ఇంట్లో ట్యాంకులో మాత్రం మనకొద్దు.

ఇంకోటి, ఆకులు కుళ్ళడానికి లైటే కారణమని ఎవరు చెప్పారు? షాపుల్లో అమ్మే మొక్కలు చాలావరకు నర్సరీలో నీళ్ళ పైన పెంచినవి, నీళ్ళలో ముంచాక ఆ పాత ఆకులు కరిగిపోయి నీళ్ళకి అలవాటుపడిన కొత్త ఆకులు వస్తాయి, క్రిప్టోకోరైన్ అయితే ఇల్లు మారితే చాలు మొత్తం కరిగిపోయినట్టు కనపడి మళ్ళీ వేరు నుంచి చిగురేస్తది, తొందరపడి పీకేయొద్దు. అనూబియాస్, జావా ఫెర్న్ ఉంటే దుంప లాంటి ఆ లావు కాడని గులకరాళ్ళలో పూడ్చావేమో చూడు, పూడిస్తే కుళ్ళుద్ది, దాన్ని రాయికో చెక్కకో దారంతో కట్టాలి.

ఇక వాట్ల సంగతి. వాట్ల లెక్క ట్యూబులైట్ల కాలం నాటిది, ఎల్ఈడీకి సరిపోదు, డబ్బా మీద ల్యూమెన్స్, అంటే ఆ లైటు ఇచ్చే వెలుతురు లెక్క, ఎంతో చూడాలి. నీ ట్యాంకు కొలతకి 70 లీటర్లు, ఇసక రాళ్ళు పైన ఖాళీ తీసేస్తే 60 లీటర్ల నీళ్ళు అనుకుందాం. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టో, వాలిస్నేరియా లాంటి ఓర్పున్న మొక్కలకి లీటరుకి 10 నుంచి 20 ల్యూమెన్స్ చాలు, కాడ మొక్కలు గుబురుగా రావాలంటే 20 నుంచి 40, ఎర్ర మొక్కలు, నేలంతా తివాచీలా పరుచుకునేవి కావాలంటే ఇంకా పైకెళ్ళాలి, అప్పుడు సిలిండరు పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఇవ్వక తప్పదు, ఆ ఖర్చు వేరే కథ. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఎందుకంటే వెలుతురు లోతుకి పోయేకొద్దీ తగ్గుద్ది, పైన కప్పిన అద్దం మీద సున్నం మరకలుంటే ఇంకా తగ్గుద్ది. మన బోరు నీళ్ళకి ఆ మరకలు ఎట్టా పడతాయో చెప్పాలా, వారానికోసారి తుడువు.

ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండడుగుల 10 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ (ట్యూబులైటు లాంటి సన్న పట్టీ లైటు) దాదాపు 1000 ల్యూమెన్స్ ఇస్తది. ఒకటేస్తే లీటరుకి 16 పైచిలుకు, రెండేస్తే 33. డబ్బా మీద 6500 కెల్విన్ అనో కూల్ డేలైట్ అనో ఉండేది తీసుకో. నీలం లైటు మొక్కలకి పనికిరాదని కాదు, నీలం ఎరుపు రెండూ వాడుకుంటాయి, కానీ మామూలు తెల్ల ఎల్ఈడీలో అవి ఉంటాయి. ఖరీదైన లైట్లలో రంగులు నిజంగానే బాగా కనపడతాయి, చూడముచ్చటగా ఉంటది, డబ్బులుంటే కొనుక్కో, మొక్క బతకడానికి మాత్రం అది షరతు కాదు.

బ్యాటన్ నీళ్ళ ఆవిరి తగలకుండా అద్దం మూత పైన పెట్టు, లేదా తడిని తట్టుకునే ఐపీ65 ఫ్లడ్ లైటు వాడు. వైరు ప్లగ్గు కంటే కిందకి వేలాడి పైకెక్కాలి, అప్పుడు చుక్క కారినా ప్లగ్గులోకి పోదు. ఒక టైమరు కొను, కరెంటు పోయినా టైము గుర్తుంచుకునే బ్యాటరీ ఉన్న డిజిటల్ది, ఎందుకంటే తిప్పే రకం టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోద్ది, రెండు కోతలయ్యాక నీ లైటు ఏ అర్ధరాత్రో వెలుగుతుంటది.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను సార్. మా ట్యాంకు కిటికీ పక్కనే ఉంది, మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది. ఎండే ఉండగా లైటు దండగ కదా అని మా ఆయన అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఎండ కంటే మంచి లైటు లేదమ్మా, ఆ మాటలో ఆయన తప్పేం లేదు, చిక్కల్లా దానికి స్విచ్ లేకపోవడమే. వేసవిలో ఒంగోలు ఎండ అద్దంలోంచి నేరుగా పడితే నీళ్ళు చూస్తుండగానే వేడెక్కుతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి, చాలా మొక్కలు కూడా 28 డిగ్రీలు దాటితే నీరసపడతాయి. ట్యాంకుని లోపలి గోడ వైపుకి జరపండి, వీలుకాకపోతే మందపాటి కర్టెన్ వెయ్యండి. లైటుని సాయంత్రం నాలుగు నుంచి పదింటి దాకా పెట్టుకోండి, ఇంట్లో అందరూ ఉండే టైములో చూడటానికీ బాగుంటది, మొక్కలకి ఏ ఆరు గంటలనే పట్టింపు లేదు, రోజూ ఒకే టైమయితే చాలు.

అప్పటికీ నీళ్ళు పచ్చబడితే కాస్త అంతరతామర పైన వదలండి, నీడా ఇస్తది, నీళ్ళలో ఎరువూ లాగేస్తది. పైనంతా కమ్మేయకుండా వారం వారం సగం తీసేయాలి, తీసిందాన్ని కాలవలో పారేయొద్దు, ఇప్పటికే గుర్రపుడెక్కతో చస్తున్నాం.

ప్రశ్న: రాత్రిపూట లైటు ఆపితే చేపలు భయపడతాయా? (నెల్లూరు నుంచి ఒక పాప)

జవాబు: భయపడవు బంగారం, వాటికీ నిద్ర కావాలి, చీకట్లోనే పడుకుంటాయి. ఉన్నట్టుండి లైటు వేస్తే మాత్రం ఉలిక్కిపడతాయి, అందుకని ముందు గదిలో లైటేసి కాసేపయ్యాక ట్యాంకుది వెయ్యి. రాత్రి మొక్కలు ఆక్సిజన్ ఇవ్వకపోగా అవి కూడా తీసుకుంటాయి కాబట్టి బుడగలొచ్చే ఎయిర్ పంపు రాత్రంతా ఆన్‌లోనే ఉంచమని నాన్నకి చెప్పు.