పొద్దున మెసేజ్, సాయంత్రం కేక్ కటింగ్: గిఫ్టుల డబ్బు ఎక్కడినుంచి తేవాలి?

మియాపూర్ నుంచి ఒకావిడ రాశారు. పాప యూకేజీ, ఇద్దరి జీతాలూ కలిపి చేతికొచ్చేది 62,000. రెండు నెలల్లో ఏడు బర్త్‌డే పార్టీలు, అన్నిటికీ పొద్దున వాట్సాప్‌లో మెసేజ్, సాయంత్రం ఆరింటికి రమ్మని. గిఫ్టులు, ఆటోలు కలిపి 8,400 అయింది, అదీ అత్యవసర నిధిలోంచి తీశారట.

ముందు ఆ నిధి జోలికి వెళ్లడం ఆపండి. అది ఆసుపత్రికి, ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి దాచుకున్న డబ్బు. పిలుపంటే పొద్దున్నే వచ్చింది, సరే, కానీ క్లాసులో ముప్పై మంది పిల్లలుంటే ఏడాదికి ముప్పై పుట్టినరోజులని జూన్‌లోనే తెలుసు కదండీ! అందరూ పిలవరు, కొన్ని సెలవుల్లో పోతాయి, అపార్ట్‌మెంట్ పిల్లల్ని కలుపుకుని 24 అనుకుందాం. ఇప్పటిలా ఒక్కోదానికి 1,200 అయితే ఏడాదికి 28,800. అదే 400 దాటనివ్వకపోతే 9,600, నెలకు 800. జీతం పడిన రోజే ఆ 800 వేరే ఖాతాలో వేసేయండి.

400లో ఏమొస్తుంది అంటారేమో. సాయంత్రం నాలుగింటికి పది నిమిషాల డెలివరీ యాప్ తెరిస్తే ఏమీ రాదు, కంగారులో ఏది కనిపిస్తే అది కొంటాం. ఒక శనివారం మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగి బేగంబజార్ వెళ్లండి, రంగుల పెట్టెలు, పజిళ్లు ఓ ఎనిమిది ఒకేసారి తెచ్చి అల్మారాలో పెట్టుకోండి. నేషనల్ బుక్ ట్రస్ట్ బొమ్మల పుస్తకాలు చవక, రెండు మూడు కలిపినా బడ్జెట్ దాటదు. క్రెడిట్ కార్డు మాత్రం వద్దు, బిల్లు మొత్తం కట్టకపోతే చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే.

‘వాళ్లు మా పాపకి వెయ్యి రూపాయల బొమ్మ ఇచ్చారు’ అన్నారు. ఇదేం పెళ్లి చదివింపుల లెక్క కాదు, ఐదేళ్ల పిల్లకి రేటు తెలియదు (తల్లులకి తెలుస్తుంది, ఒప్పుకుంటాను). అన్నిటికీ వెళ్లాలనీ లేదు. పాప రోజూ ఎవరితో ఆడుతుందో వాళ్లింటికి వెళ్లండి, మిగతావాళ్లకి ‘ముందే వేరే పని పెట్టుకున్నాం, పాపకి మా ఆశీస్సులు’ అంటే చాలు. పూట ముందు పిలిచినవాళ్లు నొచ్చుకోరులెండి.

మీ పాప పుట్టినరోజు జనవరిలో అన్నారు కాబట్టి రిటర్న్ గిఫ్టులు కూడా ఆ బేగంబజార్ ట్రిప్‌లోనే తెచ్చేయండి. మెసేజ్ మాత్రం వారం ముందు పెట్టండి.