స్టాండప్‌లో టీమ్ నిజంగా వినాలంటే, మాట్లాడాలంటే ఏం చేయాలి?

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. తొమ్మిది మంది టీమ్, రోజూ పొద్దున స్టాండప్ (పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే చిన్న ఆన్‌లైన్ మీటింగ్), అందరూ మ్యూట్‌లోనే. పేరు పిలిస్తే "సేమ్ టాస్క్ కంటిన్యూ చేస్తున్నా, నో బ్లాకర్స్" (అడ్డంకులేవీ లేవు) అనేసి మళ్లీ మ్యూట్. వీళ్లలో ఆసక్తి ఎలా తేవాలని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్‌ని, మా క్లయింట్ అమెరికాలో ఉంటారు. మా దగ్గర పనిచేసిందే చెప్తాను. కెమెరా తప్పనిసరి చేయడం, మొదట్లో ఏదో సరదా ప్రశ్న అడగడం లాంటివి నాలుగు రోజుల ముచ్చట. వాటితో టైమ్ వృథా చేయకండి.

అసలు చూడాల్సింది, మీ టీమ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నది. ఒక్కొక్కరూ లీడ్‌కి లెక్క అప్పజెప్తుంటే మిగతా ఎనిమిది మందికి వినాల్సిన అవసరమేముంది? వాళ్లు ఆ టైమ్‌లో మెయిల్ చూసుకుంటే తప్పు పట్టలేం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నలను చాలామంది రూల్ అనుకుంటారు. స్టాండప్ లాంటివి ఎలా జరగాలో చెప్పే స్క్రమ్ అనే పని పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్ 2017 ఎడిషన్‌లోనే వాటిని ఒక ఉదాహరణగా మార్చారు, 2020లో పూర్తిగా తీసేశారు. ఇప్పుడు అందులో ఉన్నది ఇంతే: డెవలపర్ల కోసం 15 నిమిషాలు, స్ప్రింట్ గోల్ (ఆ విడత పనికి పెట్టుకున్న లక్ష్యం) వైపు పని ఎంత కదిలిందో చూసుకుని ప్లాన్ సవరించుకోవడం. మీ కంపెనీలో ఎవరైనా "ప్రాసెస్ ఒప్పుకోదు" అంటే ఈ మాట చెప్పండి.

మేము మనుషుల వారీగా అడగడం మానేసి బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో కాలమ్‌లుగా చూపే పేజీ) తెరిచి టికెట్ల వారీగా, అంటే అందులోని ఒక్కో పని వారీగా మాట్లాడటం మొదలుపెట్టాం. అది కూడా కుడి వైపు నుంచి. అంటే పూర్తి కావడానికి దగ్గరగా ఉన్నవి ముందు: టెస్టింగ్, తర్వాత రివ్యూ (రాసిన కోడ్‌ని ఇంకొకరు చూడటం), ఆ తర్వాతే డెవలప్‌మెంట్. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ మాకు చాలా తేడా తెచ్చింది. ఒకసారి పేమెంట్‌కి సంబంధించిన ఒక టికెట్ రివ్యూలోనే రోజుల తరబడి ఉండిపోయింది. కోడ్ రాసిన అబ్బాయి "నా పని అయిపోయింది" అంటున్నాడు, టెస్టింగ్ చూసే అమ్మాయి "నా దగ్గరికి ఇంకా రాలేదు" అంటోంది. ఇద్దరూ చెప్పింది నిజమే, టికెట్ మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. బోర్డు మీద దాన్ని చూపించి "ఇది ముందుకెళ్లాలంటే ఇవాళ ఎవరు చూస్తారు?" అని అడగగానే ఒకరు లంచ్‌లోపు రివ్యూ చేస్తానన్నారు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు పేరు పిలవకపోయినా జనం వింటారు, ఎందుకంటే తర్వాతి టికెట్ తమది కావచ్చు.

స్క్రీన్ షేర్ చేసేది కూడా రోజుకొకరు. మొదట్లో ఎవరు నడిపినా అందరూ నా వైపే తిరిగి చెప్పేవాళ్లు. అప్పుడు నేను "ఇది మనలో ఎవరికి తెలియాలి?" అని మాత్రం అడిగేవాణ్ని. మెల్లగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అలవాటైంది.

ఇక "నో బ్లాకర్స్" సంగతి. దీని వెనుక చాలాసార్లు బద్ధకం ఉండదు, భయం ఉంటుంది. ఎవరైనా "ఇరుక్కుపోయాను" అన్నప్పుడు అందరి ముందు "మరి నిన్నే ఎందుకు చెప్పలేదు?" అని ఒక్కసారి అన్నా చాలు, ఆ టీమ్‌లో ఇంకెవరూ నోరు విప్పరు. ముఖ్యంగా కొత్తగా చేరిన పిల్లలు. వాళ్లు చెప్పగానే "దీని గురించి ఎవరికి తెలుసు, స్టాండప్ అయ్యాక పది నిమిషాలు కూర్చుంటారా?" అని వెంటనే తోడు చూపించాలి. సీనియర్లే ముందుగా "నాకు ఇది అర్థం కావట్లేదు" అనగలిగితే ఇంకా మంచిది.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్లయింట్ కాల్‌నే స్టాండప్‌గా వాడుకుంటే మన పిల్లలు సమస్య కంటే ఇంగ్లిష్ వాక్యం గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. ఉదాహరణకి షికాగోలో ఉదయం 9 అంటే ఇక్కడ ఎండాకాలం రాత్రి 7:30, చలికాలం 8:30. ఆ టైమ్‌కి ఓపిక కూడా ఉండదు. అందుకే మాకు పొద్దున టీమ్ వరకే స్టాండప్ ఉంటుంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, ఎవరికి ఏది తేలికైతే అందులో మాట్లాడొచ్చు. సాయంత్రం క్లయింట్ కాల్‌కి ఒకరిద్దరు వెళ్తే సరిపోతుంది.

అయితే మీ తొమ్మిది మంది ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు మాడ్యూళ్లు చేస్తుంటే మాత్రం ఇవేవీ పెద్దగా ఉపయోగపడవు. అప్పుడు స్టాండప్‌ను మాడ్యూల్ వారీగా విడగొట్టండి.

రేపు ముందుగా బోర్డు చూడండి. డెవలప్‌మెంట్ కాలమ్‌లో మనుషుల కంటే టికెట్లు ఎక్కువుంటే, కొత్తవి తీసుకోవడం కొన్నాళ్లు ఆపి, ఉన్నవి ఎవరెవరు కలిసి పూర్తి చేస్తారో ఆ 15 నిమిషాల్లో మాట్లాడుకోండి.