కట్ట తెంపకు, తూము పెట్టు

సౌమ్యా బిడ్డా,

నిన్న రాత్రి ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన ఫోటో చూశాను. లాన్ చివర ఆపిల్ చెట్ల మొదళ్ల దాకా నీళ్లు. పెన్సిల్ చెక్కినట్టు కొరికేసిన మూడు మోడులు. పక్కన గడ్డపార పట్టుకొని నవ్వుతున్న మా అల్లుడు. కింద నీ మెసేజ్: "శనివారం ఆపరేషన్ బీవర్. డ్యామ్ తీసేస్తున్నాం, తర్వాత బార్బెక్యూ." పదిహేను మంది లైకులు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మీ అమ్మ హనుమకొండ నుంచి ఫోన్. "అన్నా, బీవర్ అంటే నీటికుక్కనా? కరుస్తదా?" అని. కాదమ్మా, నీటికుక్క చేపలు తింటది, ఇది చెట్ల బెరడు తింటది, కొమ్మలు కొరికి వాగుకు అడ్డంగా కట్ట కడతది, మన దగ్గర లేని జంతువు, ఇరవై కిలోల ఎలుక అనుకో అన్నాను. ధైర్యం చెబుదామని అన్న మాటే, ఆమె ఇంకా భయపడింది.

తిట్టేముందు ఒక మాట చెప్పాలి. తొమ్మిది ఎకరాలు కొన్నావు. 1988లో నన్ను ఎం.ఎస్.కి పంపడానికి బాపు ఎకరం ఇరవై గుంటలు అమ్మాడు. ఆ తర్వాత మన ఇంట్లో అందరం ఫ్లాట్లు కొన్నాం, ప్లాట్లు కొన్నాం, భూమి అని చెప్పుకోదగ్గది ఎవరూ కొనలేదు. నా ఇంటి వెనక చిత్తడి కూడా ఇంటితోపాటు అంటుకొని వచ్చిందే తప్ప నేను కావాలని కొన్నది కాదు. నువ్వు మాత్రం వాగు చూసి, మట్టి చేతిలోకి తీసుకొని చూసి కొన్నావు. మాసచూసెట్స్‌లో అయితేనేం, భూమి భూమే. మీ తాత ఉంటే ఒక్కసారైనా గట్టు చుట్టూ తిరిగేవాడు.

ఇప్పుడు వినిపించుకో. శనివారం ఆ కట్ట మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు.

నా ఇంటి వెనక బీవర్లు కట్టిన కట్ట మీద నేను వేశాను కాబట్టి చెబుతున్నాను. 2003, నవంబర్ మొదటి వారం. మూడు రోజులు ఎడతెగని వాన. నీళ్లు బేస్‌మెంట్ మెట్ల దాకా వచ్చాయి. వాటిని చూసి నాకు బుర్ర పనిచేయలేదు. ఆఫీసు నుంచి రవి అంకుల్‌ని పిలిచాను. ఇద్దరికీ ఛాతీ దాకా వచ్చే రబ్బరు వేడర్స్, ఒక గడ్డపార, ఒక ఇనప పళ్ల రేక్. మధ్యాహ్నం మూడింటికి దిగాం. నవంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుందని గుర్తుండాల్సింది.

ఆ కట్ట ఎలా ఉంటుందో దూరం నుంచి తెలియదు. పుల్లల కుప్పలా కనిపిస్తుంది. ఒక పుల్ల లాగితే దానికి ఇంకో మూడు పట్టుకొని వస్తాయి. మధ్యలో బురద, రాళ్లు, గడ్డి వేళ్లు, అన్నీ జడ అల్లినట్టు. గంటసేపు పీకితే చెయ్యి పట్టేంత సందు పడింది. అందులోంచి నీళ్లు చెంబుతో వంచినట్టు సన్నగా కారాయి. రవి అంకుల్ "ఇంతేనా" అని నవ్వాడు. నేను గడ్డపార పెట్టి అడుగున ఇంకో రాయి పెకలించాను.

అప్పుడు శబ్దం మారింది. ముందు గలగల, తర్వాత గరగర. కట్ట లోపలి బురద కరిగి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. ఐదు నిమిషాల్లో సందు మంచమంత వెడల్పయింది. నేను నిలబడ్డ చోటే జారిపోయింది. నడుము దాకా పడ్డాను, వేడర్స్‌లోకి నీళ్లు నిండాయి. నిండితే మనిషి మునిగిపోతాడని కాదు, కానీ లేవలేడు. ఒక్కో కాలు ఇసుక బస్తా అయిపోతుంది, కింద బురద పాదాన్ని వదలదు. రవి అంకుల్ రేక్ పిడి చాచాడు. ఎలా పట్టుకున్నానో గుర్తు లేదు. గట్టు మీద పడ్డాక రేక్ నీళ్లల్లో కొట్టుకుపోయిందని చూశాను, అదే పెద్ద నష్టం అనుకున్నాను.

నీకు తెలుసు కదా, మా బాపు నీరటి. ఊరి చెరువు నీళ్లు ఆయన చేతిలో ఉండేవి. వానాకాలం ఇంట్లో పడుకునేవాడు కాదు, కట్ట మీదే గొంగడి కప్పుకొని ఉండేవాడు. తూము దగ్గర రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య పొడుగాటి కర్ర, దాని చివర తూము కంతలో కూర్చునే చెక్క బిరడా. నీళ్లు వదలాలంటే బాపు ఆ కర్రను వేలెడు లేపి ఆగేవాడు. కాలువ వైపు చూసేవాడు. కాలువలో ఎవరైనా బట్టలు ఉతుకుతున్నారా, పిల్లలున్నారా చూసి ఇంకో వేలెడు. నాకు విసుగొచ్చేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి పక్క కుంటకు గండి పడింది. ఆ శబ్దం విన్నాను. పొద్దున్నే వెళ్తే కింద పొలాల్లో మోకాలి లోతు ఇసుక మేట. రెండేళ్లు అక్కడ నాటు పడలేదు. ఆ శబ్దం తెలిసినవాణ్ణి, నీరటి కొడుకుని, 2003లో గట్టు మీద తడిసి కూర్చొని వింటుంటే అప్పుడు గుర్తొచ్చింది: కింద ఎవరున్నారో నేను చూడలేదు.

కింద ఒక ముసలావిడ ఉంది. ఒంటరిగా ఉండేది, ఆ ఏడాది ఎండాకాలమే భర్త పోయాడు. ఆమె డ్రైవ్‌వే వాగును దాటాలి, కింద ఒక పాత కల్వర్టు. మేము పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి కల్వర్టు గొట్టం అడ్డం తిరిగి చెట్టుకు ఆనుకొని ఉంది. డ్రైవ్‌వేకు కారు పట్టేంత గండి. అవతలి ఒడ్డున ఆమె నైట్ గౌన్ మీద కోటు వేసుకొని టార్చ్ పట్టుకొని నిలబడింది. ఆ వెలుతురు నా మీద వేసి, నేను చేసిన పనని తెలియక, "నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది.

ఆ రాత్రి ఆమెకు ఏదైనా అయి అంబులెన్స్ పిలవాల్సి వస్తే అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. ఏమీ కాలేదు. కానీ ఆ ఆలోచన పోదు.

మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే కట్ట మళ్లీ ఉంది. పాతదానికన్నా జానెడు ఎత్తు. మీద కొత్త బురద ఇంకా మెరుస్తోంది. మధ్యలో, పళ్లు ఆకాశం వైపు పెట్టుకొని, మా రేక్. దాన్ని కూడా అల్లేశాయి.

టౌన్ నుంచి ఉత్తరం వచ్చింది, అది రావాల్సిందే. కొత్త కల్వర్టు, కంకర, మనుషుల కూలీ అన్నీ నేనే కట్టాను. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీ అత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అది మా ముగ్గురి డిసెంబర్ టికెట్ల డబ్బు. నీ ఓణీల ఫంక్షన్‌కి. మేనమామ చేత్తో పెట్టాల్సిన ఓణీ కొరియర్‌లో వచ్చింది, గుర్తుందా? లీవ్ దొరకలేదని చెప్పాను. లీవ్ దొరికింది బిడ్డా. ఫోటోల్లో నువ్వు మూతి ముడుచుకొని ఉంటావు, ఇన్నేళ్లుగా ఆ ఆల్బమ్ తెరిచినప్పుడల్లా నాకు ఆ రేక్ కనిపిస్తుంది. మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. చెప్పాలనిపిస్తే చెప్పు, నా వయసుకు ఇక ఫర్వాలేదు.

సరే, పని సంగతి.

రేపే టౌన్ బోర్డ్ ఆఫ్ హెల్త్‌కి ఫోన్ చెయ్యి. నీ లీచ్ ఫీల్డ్, అంటే సెప్టిక్ ట్యాంకు నీళ్లు భూమిలోకి ఇంకే చోటు, దాని మీదికి నీళ్లు వస్తున్నాయి కాబట్టి నీది గట్టి కేసు. 1996లో ఆ రాష్ట్రం ఓటర్లు జంతువులను పట్టే చాలా రకాల ట్రాపులను నిషేధించారు, 2000లో చట్టం సవరించి బావి, సెప్టిక్, డ్రైవ్‌వే లాంటివి మునిగితే పది రోజుల ఎమర్జెన్సీ పర్మిట్ ఇచ్చేలా చేశారు. ట్రాప్ పెట్టడానికైనా, కట్ట తెరవడానికైనా, పైపు పెట్టడానికైనా ఆ పర్మిట్ పనికొస్తుంది. వాగులు, చిత్తడి నేలల సంగతి చూసే టౌన్ కన్సర్వేషన్ కమిషన్‌తో కూడా ముందే మాట్లాడు. ఫోటోలు తేదీలతో తీసి పెట్టుకో. బావి నీళ్లు పరీక్షకు ఇవ్వు, జియార్డియా అనే నీళ్లలోని క్రిమి కడుపును వారాలు తిప్పుతుంది. అప్పటిదాకా పిల్లాడికి కాచిన నీళ్లే.

పట్టుకొని అడవిలో వదిలేద్దాం అని అల్లుడు రాశాడు. మంచి మనసే, కానీ అక్కడ అది చట్టవిరుద్ధం. ట్రాపర్‌ని పిలిచి చంపించడం పాపమని నేను అనను, కొన్నిచోట్ల తప్పదు. మామూలు సీజన్ నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా. కానీ వాగు ఇలాగే ఉన్నంతకాలం ఇంకో జంట వస్తుంది. ప్రతి వసంతంలో రెండేళ్ల పిల్లలు ఇల్లు వదిలి కొత్త వాగు వెతుక్కుంటాయి. మన పిల్లలు అమెరికా వచ్చినట్టే అనుకో. పైగా ఇప్పుడు చలికాలం కోసం కొమ్మలన్నీ గూడు పక్కన నీళ్లల్లో దాచుకొని ఉంటాయి. ఈ సమయంలో నీళ్లు తీసేస్తే మంచు కింద తిండి లేక చస్తాయి. అది నాకు నచ్చదు.

నేను 2004లో చేసింది, నిన్ను చెయ్యమనేది: పైపు. వీళ్లు ఫ్లో డివైస్ అంటారు, నాకైతే అది తూమే. నీళ్లు పారే శబ్దం వింటే బీవర్ ఊరుకోలేదు. స్వీడన్‌లో లార్స్ విల్సన్ అనే శాస్త్రవేత్త స్పీకర్‌లో నీళ్ల శబ్దం వినిపిస్తే బీవర్లు వచ్చి ఆ స్పీకర్ మీద పుల్లలు, మట్టి పేర్చాయట. అంటే కారుతున్న చోట శబ్దం లేకుండా చేస్తే చాలు. పన్నెండు అంగుళాల ప్లాస్టిక్ పైపు, నలభై అడుగులు. ఒక కొస కట్టలో చేసిన చిన్న గాడి గుండా కిందికి పోతుంది, ఇంకో కొస చెరువు లోపలికి, మూడడుగులకు తగ్గని లోతులో. ఆ కొసకు ఐదారు అడుగుల వెడల్పు తీగ పంజరం, ఆరంగుళాల కన్నాలది. నీళ్లు పంజరంలోకి నెమ్మదిగా చేరతాయి, శబ్దం ఉండదు. కట్ట దగ్గర ఎక్కడ కారుతుందా అని వెతికే బీవర్‌కి నలభై అడుగుల అవతల సంగతి తోచదు.

కట్టలో పైపు ఏ ఎత్తున కూర్చుంటే నీళ్లు ఆ ఎత్తునే ఆగుతాయి. అత్యాశకు పోయి మరీ కిందికి పెట్టకు. నీళ్లు బాగా తగ్గితే అవి కిందనో పైననో ఇంకో కట్ట కడతాయి. నీకు కావాల్సింది లాన్, లీచ్ ఫీల్డ్, అంతే. మిగతా శికం, అదే నీళ్లు నిలిచే నేల, వాటికి వదిలెయ్యి. కొంగలు వస్తాయి, చూస్తావు.

మిగిలిన ఆపిల్ చెట్లకు నాలుగడుగుల ఎత్తు తీగ వల చుట్టు, మొదలుకు బిగించకు. మంచు పేరుకుంటే దాని మీద నిలబడి పైన కొరుకుతాయి, కాబట్టి ఇంకో అడుగు కలుపుకో.

నీకు తెలియంది ఏంటంటే, నీ వాగు కింద రెండు ఫర్లాంగుల దూరంలో ఒక మట్టి రోడ్డు దాటుతోంది. మ్యాప్‌లో చూశాను. దాని కింద కల్వర్టు ఎంతదో, ఆ రోడ్డు మీది ఇళ్లల్లో ఎవరున్నారో శనివారం వెళ్లి కనుక్కో. ఏదైనా స్వీటు పట్టుకెళ్లు. పైపు పెట్టే రోజు గాడి తవ్వినప్పుడు నీళ్లు ఒక్కసారి పెరుగుతాయి, ముందే చెప్పి ఉంచాలి.

పైపు నా గరాజ్‌లో ఉంది, పంజరం తీగ కూడా. పర్మిట్ చేతికొచ్చిన మరుసటి రోజు ట్రైలర్ కట్టుకొని వస్తాను, నాలుగు గంటల ప్రయాణం నాకు లెక్క కాదు. నా మోకాళ్ల గురించి మీ అత్తమ్మ మాట వినకు. నీళ్లలోకి అల్లుడు దిగుతాడు, నడుముకు బెల్టు బిగించుకొని. గట్టు మీద నిలబడి వేలెడు వేలెడు చెప్పేది నేను. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా ఒడ్డున ఉండాలి. బార్బెక్యూ తర్వాత.

వచ్చేటప్పుడు ఒక పట్టు ఓణీ తెస్తాను. ముప్పై నాలుగేళ్లకు ఓణీ ఏంటని నవ్వకు. ఒక్క ఫోటో తీయించుకుందాం, నీ భూమి మీద.

అప్పటిదాకా ఆ గడ్డపార ఇంట్లో పెట్టించు.

మీ మామయ్య