సంకలనం మీదే, కథలు మాత్రం మీవి కావు

ప్రశ్న: సర్, నాది హనుమకొండ. దెయ్యాల కథలంటే పిచ్చి. 14 మంది రచయితల దగ్గర హారర్ కథలు తీసుకుని 2019 డిసెంబర్లో విజయవాడలో ఒక చిన్న పబ్లిషర్ ద్వారా సంకలనం వేశాను, సంపాదకుణ్ణి నేనే. ప్రింటింగుకి 55 వేలు నేనే పెట్టాను, ఆర్నెల్లలో అమ్మి సగం తిరిగిస్తా అన్నాడు. సొంత అన్నలా నమ్మి పుస్తకం ఆయనకే అంకితం ఇచ్చాను. 2024 ఏప్రిల్లో ఆ కథలన్నీ ఒక ఆడియో యాప్‌లో వచ్చాయి, ఆయనే అమ్మేశాడట, నా పేరు కూడా లేదు. రచయితలు నన్ను తిడుతున్నారు, రాత్రిళ్లు నిద్ర లేదు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? పాత తేదీల స్టాంప్ పేపర్ల మీద రచయితలతో ఇప్పుడు సంతకాలు పెట్టించుకుంటే హక్కులు నావే అవుతాయని ఫ్రెండ్ అంటున్నాడు, చేయొచ్చా?

జవాబు: అంకితం సంగతి వదిలేయండి, కోర్టులో దానికి విలువ లేదు. మీరు ఇంత పొడుగు ఉత్తరం రాశారు గానీ నాకు కావాల్సిన ఒక్క ముక్క అందులో లేదు. ఆ 14 మందిలో ఎవరైనా, ఏ కాగితం మీదైనా, ఎవరికైనా సంతకం పెట్టారా? మీ కేసంతా దీని మీదే ఉంది.

పెట్టలేదనే అనుకుంటున్నా, లేకపోతే మీ ఫ్రెండ్ ఆ సలహా ఇచ్చేవాడు కాదు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కథ మీద మొదటి హక్కు రాసినవాళ్లది (సెక్షన్ 17). అది వేరేవాళ్లకి వెళ్లాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి (సెక్షన్ 19). వాట్సాప్ గ్రూప్‌లో "కథ పంపండి, రెండు కాపీలు ఇస్తాం" అంటే వాళ్లు పంపారు అనుకోండి, అది మహా అయితే ఆ పుస్తకంలో వేసుకోడానికి అనుమతి అంతే, ఆడియోకి దాంతో సంబంధం లేదు. కాబట్టి పబ్లిషర్‌కి అమ్మే హక్కు లేదు, బాగుంది, కానీ అడిగే హక్కు మీకూ లేదు! 55 వేలు పెట్టినా, ప్రూఫులు దిద్దినా కథలు మీవైపోవు. పుస్తకం రెండో పేజీలో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని వేసుకున్నా, ఐఎస్‌బిఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు ఆయన పేరు మీద ఉన్నా అవి ఒప్పందం కిందకి రావు. ఇంతమంది కథలు తీసుకుని ఒక్కళ్ల దగ్గర కూడా ఒక పేజీ కాగితం తీసుకోకుండా ప్రెస్‌కి ఎలా పంపారండీ? శుభలేఖ వేయించినా ప్రెస్ వాడు ప్రూఫ్ మీద సంతకం అడుగుతాడు.

మీకంటూ ఉన్నవి రెండు. ఒకటి ఎంపిక, వరస, అంటే సంకలనం మీద హక్కు. రెండోది మీ ముందుమాట. ఇప్పుడే ఆ యాప్ తెరిచి వినండి, మీ ముందుమాట చదివారా, కథలు మీ పుస్తకం వరసలోనే ఉన్నాయా, మీ పుస్తకం కవరే వాడారా. ఉంటే మీ పేరు వేయమని కూడా మీరే సొంతంగా అడగొచ్చు (సెక్షన్ 57). కథల్ని విడివిడిగా, వేరే వరసలో పెట్టుకుంటే మీ వాటా చాలా బలహీనం.

ఇక స్టాంప్ పేపర్ల సలహా. ఆ పని అస్సలు చేయొద్దు. స్టాంప్ పేపర్ వెనక అమ్మిన తేదీ, నంబరు, కొన్నవాడి పేరు ఉంటాయి, అదే వెండర్ రిజిస్టర్‌లోనూ ఉంటుంది. అవతలి లాయర్ ఆ రిజిస్టర్ తెప్పించాడంటే అయిపోయింది, పబ్లిషర్ మీద కేసు కాస్తా మీ మీద ఫోర్జరీ కేసు అవుతుంది, మంచితనానికి సంతకం పెట్టిన రచయితలు కూడా ఇరుక్కుంటారు. మీ ఫ్రెండ్ మాత్రం సాక్షిగా కూడా రాడు చూడండి. అలాగే హక్కు లేకుండా మీ ఒక్కరి పేరు మీద యాప్‌కి బెదిరింపు నోటీసు పంపినా కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు.

చీటింగ్ కేసంటారా, స్టేషన్లో సివిల్ మేటర్ అని పంపేస్తారు. కాపీరైట్ సెక్షన్ 63 కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ కథల విషయంలో అది కూడా రచయితలే ఇస్తే మంచిది.

ఇక లిమిటేషన్, అంటే దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు మాట. మీ 55 వేలల్లో సగం అడగడానికి టైమ్ మూడేళ్లు. ఆర్నెల్ల గడువు లెక్కేసినా, కోవిడ్‌కి సుప్రీంకోర్టు 15-3-2020 నుంచి 28-2-2022 వరకు తీసేసిన రోజులు కలిపినా అది దాటిపోయింది. ఒక్క దారుంది, "ఇంత బాకీ ఉన్నాను, ఇస్తాను" అని పబ్లిషర్ సంతకం పెట్టి రాసిస్తే టైమ్ దాటిన బాకీ కూడా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద వసూలు చేయొచ్చు. "చూద్దాంలే తమ్ముడూ" అని ఫోన్లో అంటే పనికిరాదు. ఆడియోది వేరే లెక్క, నష్టపరిహారానికి ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. ఇంకా యాప్‌లో నడుస్తోంది కాబట్టి ఆపించే హక్కు పోదు గానీ 2027 ఏప్రిల్ దాటితే పాత నెలల డబ్బులు ఒక్కో నెలా రాలిపోతూ ఉంటాయి.

చేయాల్సింది చెప్తా. రచయితలతో ఈరోజు తేదీతోనే ఒప్పందం రాయించుకోండి, ఏ కథ, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు అన్నీ అందులో ఉండాలి. ఏళ్లు రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. కానీ ఇది ఇక ముందు సంగతికే. జరిగిపోయిన నష్టానికి దావా వేసే హక్కుని వాళ్లు మీకు రాసివ్వలేరు, చట్టం ఒప్పుకోదు, అందుకే వాళ్లే మీతో పాటు వాదులుగా ఉండాలి. ముందు వాళ్ల తిట్లు పడి ఒప్పించండి. ఎవరైనా చనిపోయి ఉంటే వారసుల్ని కలవండి, రాసినవాళ్లు పోయిన తర్వాత కూడా హక్కు 60 ఏళ్లు ఉంటుంది.

ఫోన్ మార్చకండి, ఆ వాట్సాప్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అవ్వకండి, డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే సరిపోవు, భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద అవి అసలువేనని చెప్పే సర్టిఫికెట్ కావాలి, అందులో మీ సంతకంతో పాటు నిపుణుడి సంతకం కూడా ఉండాలి. యాప్‌లో ప్రతి ఎపిసోడ్ పేజీ తేదీ, ప్లే కౌంట్ కనపడేలా రికార్డ్ చేసి పెట్టుకోండి, నోటీసు వెళ్లిన మర్నాడే అవి మాయమవ్వొచ్చు. ఆ తర్వాతే లాయర్ ద్వారా అందరి పేర్ల మీదా పబ్లిషర్‌కి, యాప్‌కి ఒకేసారి నోటీసు పంపండి.

విజయవాడ తిరగక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం వాదుల్లో ఎవరు ఎక్కడ ఉంటే అక్కడి జిల్లా కోర్టులో వేసుకోవచ్చు. దావా విలువ 3 లక్షలు, ఆ పైన ఉంటే కమర్షియల్ కోర్టు, అర్జెంటుగా స్టే అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, అక్కడ పోయిన రోజులు లిమిటేషన్లోంచి తీసేస్తారు. నన్నడిగితే స్టే అడగండి. 14 మందీ ఒప్పుకునేదాకా కూర్చోకండి, ఎవరి కథకి వాళ్లే యజమానులు కాబట్టి నలుగురు వచ్చినా ఆ నాలుగు కథల మీద దావా పడుతుంది.