మీ ప్రశ్న - మా జవాబు: ఆ చిన్న ఓడల మాట నేవీ నమ్మలేదు

ప్రశ్న: సార్, ప్రపంచ యుద్ధాల గురించి చదువుతుంటే అమెరికా నేవీ వాళ్ల 'సబ్‌మెరైన్ చేజర్లు' అనే చిన్న ఓడల ప్రస్తావన చాలాసార్లు వచ్చింది. వాటిలో వందల కొద్దీ చెక్కవేనట! జలాంతర్గామిని చెక్క పడవతో వేటాడటం ఏంటి? అసలు ఇవి ఒక్క జలాంతర్గామినైనా ముంచాయా, పేరుకేనా?

జవాబు: చెక్క ఎందుకంటే స్టీలు దొరక్క. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి పెద్ద షిప్‌యార్డులన్నిటికీ డిస్ట్రాయర్లు, సరుకు ఓడల పనే తలకు మించి ఉంది. చేతిలో పని లేకుండా ఉన్నది యాచ్‌లు, చేపల పడవలు కట్టే చిన్న చిన్న యార్డుల వాళ్లు, వాళ్లకు చేతనైంది చెక్కపని. అందుకని ఆల్బర్ట్ లోరింగ్ స్వేజీ అనే యాచ్ డిజైనర్ చేత 110 అడుగుల చెక్క ఓడ ఒకటి గీయించి, ఆ ప్లాను వాళ్లకు పంచిపెట్టారు. మొత్తం 441 తయారయ్యాయి, అందులో 100 ఫ్రాన్స్‌కు వెళ్లాయి. వాటికి పేర్లు కూడా పెట్టలేదు, 'సబ్‌మెరైన్ చేజర్'ను కుదించి ఎస్‌సీ-1, ఎస్‌సీ-2 అంటూ నంబర్లే. 'స్ప్లింటర్ ఫ్లీట్' అనే పేరు వాటికి చెక్కతో కట్టడం వల్ల వచ్చిందే, చెక్కపేళ్ల దళం అన్నమాట. ఒక్కో ఓడ మీద పాతిక మంది పైచిలుకు మనుషులు, కింద మూడు పెట్రోలు ఇంజన్లు, పైన డెప్త్ చార్జీలు, అంటే నీళ్లలోకి వదిలితే లోతుకు వెళ్లి పేలే బాంబులు. అంత పెట్రోలునీ, అంత మందుగుండునీ ఒకే చెక్క డొల్లలో పెట్టుకుని చలికాలపు అట్లాంటిక్ దాటిన కుర్రాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వేట ఎలా చేసేవాళ్లో తెలిస్తే మీకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఓడ అడుగు నుంచి టీ అక్షరం ఆకారంలో ఉన్న ఒక గొట్టాన్ని నీళ్లలోకి దించేవాళ్లు. దాని రెండు కొసల్లో రెండు రబ్బరు బుడ్లు, వాటి నుంచి పైకి రెండు ట్యూబులు, ఆ ట్యూబులు వినేవాడి రెండు చెవుల్లోకి, అచ్చం డాక్టరు స్టెతస్కోపు లాగా. నీళ్లలో ఎక్కడో జలాంతర్గామి ప్రొపెల్లర్ తిరుగుతుంటే ఆ చప్పుడు ముందు ఒక చెవికి గట్టిగా వినిపిస్తుంది. అప్పుడు చేతిలోని చక్రం తిప్పుతూ గొట్టాన్ని మెల్లగా తిప్పాలి, రెండు చెవుల్లోనూ చప్పుడు సమానమయ్యే దాకా. సమానమైతే శత్రువు ఆ దిక్కున ఉన్నట్టు. దూరం తెలియదు. అందుకే మూడేసి ఓడలు వరసగా కదిలేవి. మూడూ మూడు దిక్కులు చెబితే, మ్యాపు మీద ఆ గీతలు కలిసిన చోటికి పరుగెత్తేవాళ్లు. చిక్కేమిటంటే వినాలంటే తమ ఇంజన్లు ఆపేయాలి. ఆపి, విని, మళ్లీ స్టార్ట్ చేసి, కొంత దూరం ఉరికి, మళ్లీ ఆపి. కింద ఉన్నవాడు కూడా మోటార్లు ఆపి ఊపిరి బిగబట్టుకుంటే ఇక చెవికి ఏమీ అందదు.

మరి ముంచాయా అంటే, మొదటి యుద్ధంలో ఈ చెక్క ఓడల ఖాతాలో గట్టిగా రుజువైన విజయాలు దాదాపు లేవు. కానీ లెక్క అక్కడితో తేల్చేయకూడదు. ఆ రోజుల్లో జలాంతర్గామికి నీటి కింద బ్యాటరీలే దిక్కు, వేగం చాలా తక్కువ, ఛార్జి అయిపోతే పైకి రావాల్సిందే. పైన ఒక చిన్న ఓడ తిరుగుతోందంటే చాలు అది కిందే ఉండిపోవాలి, ఆ లోపు సరుకు ఓడలు దాటిపోతాయి. ముంచకపోయినా తల ఎత్తనివ్వలేదు. నా మటుకు నాకు అదే పెద్ద పని.

ఆకారం చిన్నది కావడం వల్ల జరిగిన ఒక ఘోరం కూడా ఉంది. 1918 ఆగస్టు 27న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌కు దక్షిణాన ఎస్‌సీ-209 గస్తీ తిరుగుతోంది. నీటికి బాగా దగ్గరగా, బారుగా కనిపించిన ఆ ఆకారాన్ని ఫీలిక్స్ టాసిగ్ అనే అమెరికన్ సరుకు ఓడ వాళ్లు జర్మన్ జలాంతర్గామి అనుకున్నారు. ఫిరంగులు పేల్చి ముంచేశారు. జలాంతర్గాముల్ని వేటాడటానికి పుట్టిన ఓడ జలాంతర్గామి అనుకుని కాల్చిన తూటాలకు పోయింది, అదీ సొంత దేశం వాళ్ల చేతుల్లో.

రెండో యుద్ధంలో కథ మళ్లీ మొదటికొచ్చింది. 1942 మొదటి నెలల్లో యూ-బోట్లు, అంటే జర్మన్ జలాంతర్గాములు, అమెరికా తూర్పు తీరానికి వచ్చి, ఊళ్ల దీపాల వెలుగులో నల్లగా కనిపించే ఆయిల్ ట్యాంకర్లను ఒక్కొక్కటిగా ముంచుతుంటే కాపలాకు చాలినన్ని ఓడలు లేవు. మళ్లీ అదే 110 అడుగుల చెక్క ఓడ, ఈసారి డీజిల్ ఇంజన్లతో, నాలుగు వందలకు పైగా కట్టారు. దానితో పాటు 173 అడుగుల స్టీలు ఓడ, దాన్ని పీసీ (గస్తీ ఓడ) అన్నారు, అవి మూడు వందల పైచిలుకు. ఇప్పుడు గొట్టం బదులు సోనార్ ఉంది, నీళ్లలోకి చప్పుడు పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో జలాంతర్గామిని పట్టే పరికరం, అయినా ఒక గుడ్డి క్షణం మిగిలే ఉంది. డెప్త్ చార్జీ వెనక నుంచి వదలాలి కాబట్టి ఓడ జలాంతర్గామి మీదుగా దాటాలి, సరిగ్గా దాని నెత్తిమీదికి వచ్చేసరికి సోనార్‌కు అది కనిపించదు. చివరి ఆ కొద్ది క్షణాలూ అంచనా మీదే నడవాలి.

ఇక మీరు అడిగిన 'ఒక్కటైనా ముంచాయా' దగ్గరికి వస్తాను. ఈ జవాబు రాయడానికి కూర్చున్నదే ఈ కథ చెప్పాలని.

1942 జూలై 30. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి ఆగ్నేయంగా, రాబర్ట్ ఇ. లీ అనే ప్రయాణికుల ఓడ న్యూ ఆర్లియన్స్ వైపు వస్తోంది. అందులో చాలామంది అంతకుముందే వేరే ఓడల మీద టార్పెడో దెబ్బలు తిని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. పక్కన కాపలాగా పీసీ-566 ఒక్కటే, కెప్టెన్ హెర్బర్ట్ క్లాడియస్. ఓడ కొత్తది, కుర్రాళ్లు కొత్తవాళ్లు. టార్పెడో వచ్చి లీకి తగిలింది, కాసేపట్లోనే అది మునిగిపోయింది, పాతిక మంది చనిపోయారు. క్లాడియస్ పెరిస్కోప్ కనిపించిన వైపు ఓడ తిప్పాడు, సోనార్‌లో జలాంతర్గామి దొరికింది, రెండుసార్లు మీదుగా వెళ్లి డెప్త్ చార్జీలు వదిలాడు. నీటి మీదికి నూనె తేలింది. ఆ తర్వాతే నీళ్లలో ఉన్నవాళ్లను ఎక్కించుకున్నాడు. ఒడ్డుకొచ్చి, జలాంతర్గామిని ముంచాను అని రిపోర్టు ఇచ్చాడు.

నేవీ నమ్మలేదు. దాడి సరిగ్గా చేయలేదని, సిబ్బందికి ట్రైనింగ్ చాలదని తేల్చి ఆయన్ని మళ్లీ జలాంతర్గామి వ్యతిరేక స్కూలుకు పంపించారు. యుద్ధభూమి నుంచి వచ్చిన మనిషిని బడిలో కూర్చోబెట్టడం ఎంత చిన్నతనంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. క్లాడియస్ దాడి చేసిన రెండు రోజులకు, ఆగస్టు 1న, వంద మైళ్లకు పైగా దూరంలో కోస్ట్ గార్డ్ విమానం ఒకటి ఒక యూ-బోటు మీద బాంబు వేసింది. యుద్ధం తర్వాత జర్మన్ల లెక్కలు చూస్తే ఆ ప్రాంతంలో మాయమైనది యూ-166 ఒక్కటే. దాంతో ఆ ఘనత విమానం ఖాతాలో రాసేశారు. దశాబ్దాల పాటు పుస్తకాల్లో అదే ఉంది.

2001లో ఆయిల్ కంపెనీల పైపులైను కోసం సముద్రం అడుగున సర్వే చేస్తుంటే, సుమారు 1500 మీటర్ల లోతున, రాబర్ట్ ఇ. లీ శిథిలానికి రెండు కిలోమీటర్ల లోపే యూ-166 దొరికింది. అంతకుముందు 1986లోనే అక్కడ ఏదో ఉందని కనిపించింది కానీ వేరే సరుకు ఓడ అనుకుని వదిలేశారు. ముందు భాగం తెగి విడిగా పడి ఉంది. క్లాడియస్ చెప్పిన చోటే, చెప్పిన పద్ధతిలోనే. విమానం దాడి చేసింది యూ-171 అనే మరో జలాంతర్గామి మీద, దానికి దెబ్బ కూడా తగల్లేదు. 2014 డిసెంబరులో నేవీ తన పాత తీర్పు తప్పని ఒప్పుకుని లీజియన్ ఆఫ్ మెరిట్ పతకం ఇచ్చింది. క్లాడియస్ అప్పటికి చనిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది, కొడుకు అందుకున్నాడు. ఆలస్యమైనా ఇచ్చారు కదా అని కొందరు అంటారు, ఆ మాటతో నేను ఏకీభవించలేను. బతికుండగా ఆయన మాట ఒకసారి మళ్లీ పరిశీలించి ఉండాల్సింది.

ప్రశ్న: 1945లో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రం తీరంలో మునిగిన 'ఈగిల్ 56' కూడా ఇలాంటి ఓడేనా? బాయిలర్ పేలిందని ఒక చోట, టార్పెడో అని ఇంకో చోట చదివాను. ఏది కరెక్ట్?

జవాబు: టార్పెడోనే. ఇది కూడా ఇలాంటి ఓడే కానీ స్టీలుది. మొదటి యుద్ధంలో కార్ల హెన్రీ ఫోర్డ్ డెట్రాయిట్ దగ్గర రివర్ రూజ్‌లో కార్లు కట్టినట్టే వరస పెట్టి కడతానని ముందుకొచ్చి తయారుచేసిన 200 అడుగుల ఓడలు ఇవి, పని సులువు కావాలని రేకులు వంచకుండా పలకలుగానే అతికించారు. పూర్తయినవి 60, అందులో ఎక్కువ భాగం యుద్ధం అయిపోయాకే వచ్చాయి. రెండో యుద్ధం నాటికి మిగిలినవి కొన్నే, పాతికేళ్లు దాటిన ముసలి ఓడలు.

1945 ఏప్రిల్ 23న, మధ్యాహ్నం వేళ, నేవీ విమానాలు బాంబులు వేయడం ప్రాక్టీసు చేయడానికి ఈగిల్ 56 ఒక టార్గెట్‌ను లాగుతోంది. ఉన్నట్టుండి పెద్ద పేలుడు, ఓడ రెండు ముక్కలైంది. 62 మందిలో బతికింది 13 మంది. వాళ్లలో కొందరు జలాంతర్గామి పైకి రావడం కళ్లారా చూశామన్నారు, దాని మీద ఎరుపు, పసుపు రంగుల గుర్తు ఉందని కూడా చెప్పారు. ఆ తీరంలో తిరుగుతున్న యూ-853 అనే జర్మన్ జలాంతర్గామి మీద పసుపు డాలులో ఎర్ర గుర్రం బొమ్మ ఉండేది! ఇంత చెప్పినా విచారణ బోర్డు బాయిలర్ పేలింది అని రాసి ఫైలు మూసేసింది. యూ-853 కూడా మే 6న రోడ్ ఐలాండ్ దగ్గర బ్లాక్ ఐలాండ్ పక్కన అమెరికా ఓడల చేతుల్లో మునిగింది, 55 మందీ పోయారు, జర్మనీ లొంగిపోవడానికి ఒకట్రెండు రోజుల ముందు.

బాయిలర్ పేలుడు అంటే ప్రమాదం. ప్రమాదంలో పోయినవాళ్లకు పర్పుల్ హార్ట్ అనే సైనిక పతకం రాదు, శత్రువు చేతిలో పోయినవాళ్లకే. ఇన్నేళ్లూ ఆ 49 కుటుంబాలకు తమవాళ్లు ఓడ పాడై చనిపోయారనే కాగితమే మిగిలింది. చనిపోయిన ఒకరి కొడుకులు చెప్పిన మాట విని ఒక లాయరు ఈ కేసు పట్టుకుని పాత ఫైళ్లు తవ్వి, బతికున్నవాళ్లను వెతికి, నేవీ వెంటపడ్డాడు. 2001లో నేవీ రికార్డు మార్చి, టార్పెడో దెబ్బ అని ఒప్పుకుని పతకాలు ఇచ్చింది. 2018లో డైవర్లకు శిథిలం దొరికింది. కిందికి వెళ్లి చూస్తే బాయిలర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ప్రశ్న: వీటిలో ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలాయా సార్?

జవాబు: చాలా తక్కువ. చెక్క ఓడలు ఎక్కువ కాలం నిలవవు, పైగా యుద్ధం అయిపోగానే ఎవరికి దొరికితే వాళ్లకు అమ్మేశారు, చేపల పడవలుగా, సరుకు పడవలుగా అరిగిపోయాయి. 78 చెక్క ఓడలు సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. యుద్ధంలోనే పోయినవీ ఉన్నాయి, 1944 జూన్ 6న నార్మండీలో యూటా బీచ్ వైపు పడవలకు దారి చూపిస్తూ పీసీ-1261 మునిగింది, అదే ఏడాది నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని లేటే దగ్గర ఎస్‌సీ-744 మీద జపాన్ ఆత్మాహుతి విమానం పడింది.

పీసీ-1264 సంగతి వేరు. నల్లజాతి వాళ్లను వంటపనికీ, వడ్డనకీ తప్ప పంపని నేవీలో, వాళ్లు ఓడ నడపగలరా అని పరీక్షించడానికి 1944లో దాదాపు మొత్తం నల్లజాతి నావికులనే ఎక్కించిన రెండు ఓడల్లో ఇదొకటి. దాని మీద పనిచేసిన శామ్యూల్ గ్రేవ్లీ తర్వాత 1971లో అమెరికా నేవీలో మొదటి నల్లజాతి అడ్మిరల్ అయ్యాడు. ఓడను మాత్రం తుక్కు కింద అమ్మేశారు. న్యూయార్క్ స్టేటెన్ ఐలాండ్ పక్కన పాత ఓడలు పారేసే చోట, బురదలో తుప్పుపట్టి విరిగి పడి ఉంది. దాన్ని కాపాడి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నిజంగా ఎక్కి చూడాలంటే నార్వే వెళ్లాలి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నార్వేకి స్కాట్లాండ్ షెట్లాండ్ దీవుల నుంచి రాత్రిపూట మనుషుల్నీ, ఆయుధాల్నీ చేపల పడవల్లో చేరవేసేవాళ్లు, వాటిలో చాలా పడవలు, చాలా ప్రాణాలు పోయాయి. 1943 శరత్కాలంలో అమెరికా ఆ పనికి మూడు 110 అడుగుల చెక్క ఓడలు ఇచ్చింది. హిత్రా, హెస్సా, విగ్రా అని వాటికి పేర్లు పెట్టుకున్నారు, నంబర్లతో సరిపెట్టలేదు. వందకు పైగా ట్రిప్పులు తిరిగి మూడూ యుద్ధం చివరి దాకా నిలిచాయి. వాటిలో హిత్రా, అంటే పాత ఎస్‌సీ-718, 1981లో స్వీడన్‌లో సగం మునిగి కనిపిస్తే నార్వే వాళ్లు తెచ్చుకుని, పలకలు మార్చి బాగుచేసి, 1987లో మళ్లీ నీళ్ల మీదికి తెచ్చారు.